చార్మినార్ వెనకున్న మంత్రి.. ఏసీలు లేని రోజుల్లో హైదరాబాద్‌కి నీళ్లు, నీడ, గాలి లెక్కేసిన మీర్ మోమిన్ కథ

చార్మినార్ ఎవరు కట్టించారని అడిగితే స్కూల్ పిల్లలు కూడా మహమ్మద్ కులీ కుతుబ్ షా అని టక్కున చెప్పేస్తారు. మరి ఆ చార్మినార్ ఎక్కడ ఉండాలి? దాని నుంచి రోడ్లు ఎటు పోవాలి? బజారు ఎక్కడ, హౌజ్ ఎక్కడ, ఇళ్లు ఎక్కడ? ఇవన్నీ లెక్క వేసింది ఎవరంటే మాత్రం చాలామంది తడబడతారు. ఆయన పేరు మీర్ మహమ్మద్ మోమిన్ అస్త్రాబాదీ. కుతుబ్ షాహీల దగ్గర పీష్వా, అంటే ఇప్పటి లెక్కలో ప్రధానమంత్రి. హైదరాబాద్ ప్లాన్ ఘనతని చరిత్రకారులు ఎక్కువగా ఈయనకే ఇస్తారు.

ఈ రోజుల్లో గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్ ఏది తీసినా ఎకో ఫ్రెండ్లీ, గ్రీన్ లివింగ్ లాంటి మాటలే కనిపిస్తాయి. కరెంటు బిల్లు తగ్గించే ఇళ్లు కొత్త ఆలోచన అనుకుంటాం. కానీ కరెంటే లేని కాలంలో, బండరాళ్ల దక్కన్ నేల మీద, జనం ఎండకి మాడిపోకుండా ఒక ఊరు మొత్తాన్ని ఎలా కట్టాలో ఆలోచించారు. ఆ ఆలోచన వెనకున్న మనిషి మన ఊరివాడు కాదు. ప్రాణాలు కాపాడుకోవడానికి దేశం వదిలి వచ్చినవాడు.

ఇరాన్ నుంచి గోల్కొండకి..

మీర్ మోమిన్ సొంతూరు ఇరాన్ ఉత్తరాన ఉన్న అస్త్రాబాద్. ఇప్పుడు ఆ ఊరిని గోర్గాన్ అంటారు. బాగా చదువుకున్న సయ్యద్ కుటుంబం. ఆ చదువు వల్లే సఫవీ చక్రవర్తి షా తహ్మాస్ప్ కొడుకు హైదర్ మీర్జాకి గురువయ్యారు. అప్పుడు రాజధాని కజ్విన్. నీటి కాలువలు, తోటలతో రాజధానిని తీర్చిదిద్దుతున్న రోజులవి.

1576లో తహ్మాస్ప్ చనిపోయారు. సింహాసనం కోసం జరిగిన గొడవల్లో హైదర్ మీర్జా హత్యకి గురయ్యాడు. శిష్యుడే పోయాక గురువుకి అక్కడ భద్రత ఎక్కడిది? మీర్ మోమిన్ ఇరాన్ వదిలేశారు. 1581లో గోల్కొండ చేరుకున్నారు. అప్పటికి మహమ్మద్ కులీ కొత్తగా గద్దెనెక్కిన కుర్ర రాజు. నాలుగేళ్లు తిరిగేసరికి, అంటే 1585 నాటికి, ఈ పరాయి దేశపు పండితుడు రాజ్యానికి పీష్వా అయ్యారు. చనిపోయేదాకా దాదాపు 40 ఏళ్లు ఆ పదవిలోనే ఉన్నారు.

ఉన్న కోట ఎందుకు చాలలేదు?

గోల్కొండ బలమైన కోటే. కానీ గోడల మధ్య జనం కిక్కిరిసిపోయారు. ఇరుకు, నీళ్ల కటకట, రోగాలు. అంతకుముందు ఇబ్రహీం కుతుబ్ షా హయాంలోనే హుస్సేన్ సాగర్ తవ్వించారు. 1578లో మూసీ మీద పురానాపూల్ కట్టారు. అంటే నది దాటే దారి అప్పటికే రెడీ. దక్షిణం ఒడ్డున కావాల్సినంత ఖాళీ జాగా. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకి పోయే వ్యాపార దారి కూడా అటుగానే వెళ్తుంది. కొత్త నగరానికి ఆ చోటే ఖాయమైంది.

ముందు రోడ్లు.. ఆ తర్వాతే ఇళ్లు

1591లో పని మొదలైంది. ఊరి మధ్యలో చార్మినార్, దాని నుంచి నాలుగు దిక్కులకి నాలుగు రోడ్లు. ఆ కూడలి ఊరిని నాలుగు భాగాలు చేసింది. వాయవ్య భాగం రాజమహళ్లకి వదిలారు. పెద్ద రోడ్ల వెంట దుకాణాల వరుసలు వేశారు. దుకాణాలు మొత్తం 14,000 అని పర్షియన్ చరిత్రల్లో రాసుకున్నారు.

చార్మినార్‌కి ఉత్తరాన మరో చౌరస్తా, దాని చుట్టూ నాలుగు పెద్ద కమాన్లు.. అదే చార్ కమాన్. మధ్యలో ఎనిమిది మూలల నీటి తొట్టి. మనం ఇప్పుడు గుల్జార్ హౌజ్ అంటున్నది దాన్నే.

ఇందులో చల్లదనం ఎక్కడుందంటారా? మన ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది. పొడిగాలి నీటిని తాకితే కొంత నీరు ఆవిరవుతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాక్కుంటుంది. ఎయిర్ కూలర్ పనిచేసేది ఈ సూత్రం మీదే. వెడల్పాటి రోడ్డు, గాలికి అడ్డం లేని కమాను, మధ్యలో నీళ్లు.. ఈ మూడూ కలిస్తే బజారు మధ్యలో ఓ పెద్ద కూలర్ పెట్టినట్టే. ఫ్యాను లేదు, కరెంటు లేదు.

రోడ్ల దిక్కుల్లో కూడా ఓ లాభం ఉంది. తూర్పు పడమరలుగా పోయే వీధిలో ఇళ్ల ముఖాలు ఉత్తరానికో దక్షిణానికో ఉంటాయి. పొద్దున, సాయంత్రం ఏటవాలుగా పడే ఎండ నేరుగా గుమ్మంలోకి రాదు. ఇప్పటి ఆర్కిటెక్టులు తక్కువ కరెంటుతో నడిచే కాలనీలు గీసేటప్పుడు మొదట చూసేది ఈ దిక్కుల లెక్కే.

ఫెరిష్తా ఏం చూశాడు?

ఇదంతా ఇప్పుడు మనం ఊహించుకుంటున్న గొప్ప కాదు. అదే కాలంలో పక్క రాజ్యం బీజాపూర్‌లో ఉన్న చరిత్రకారుడు ఫెరిష్తా కొత్త నగరం గురించి రాశాడు. మిగతా ఊళ్లలా కాకుండా ఇక్కడ వీధులు వెడల్పుగా, శుభ్రంగా ఉన్నాయని, కొన్ని బజార్లలో నీళ్లు పారుతున్నాయని, రోడ్లకి రెండు పక్కలా చెట్ల వరుసలు ఉన్నాయని ఆయన వర్ణన. కొత్తగా పుట్టిన ఊళ్లో ఆయన మెచ్చుకున్న వాటిలో నీళ్లు, నీడ, గాలి ముందు వరుసలో ఉన్నాయి.

డాబా మీద తోటలు కూడా..

17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి టావెర్నియర్ మరో వింత చూశాడు. రాజమహల్ డాబాల మీద తోటలున్నాయి. అందులో పెద్ద పెద్ద చెట్లు. అంత బరువుని కింది కమాన్లు ఎలా మోస్తున్నాయా అని ఆయన ఆశ్చర్యపోయాడు. పైకప్పు మీద మందంగా మట్టి, ఆ మట్టిలో పచ్చదనం ఉంటే ఎండ వేడి కింది గదిలోకి అంత తేలిగ్గా దిగదు. ఇప్పుడు రూఫ్ గార్డెన్ పేరుతో మనం చేస్తున్నదీ అదే.

1595లో కట్టిన దారుల్ షిఫా ఆస్పత్రిదీ ఇదే దారి. మధ్యలో పెద్ద వాకిలి, చుట్టూ రెండంతస్తుల్లో గదులు. మందమైన రాతి గోడలు, సున్నం గచ్చు. ఇలాంటి గోడ వేడెక్కడానికే గంటలు పడుతుంది. పగటి వేడి లోపలికి చేరేలోపు పొద్దు వాలిపోతుంది. మధ్య వాకిలి మీదుగా వేడిగాలి పైకి పోతుంది. మన మండువా ఇల్లు ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే. తర్వాత నిజాంల కాలంలో పాతబస్తీలో లేచిన దేవిడీలు కూడా ఈ నడిమి వాకిలిని వదల్లేదు.

మరి పేదోళ్ల ఇళ్ల సంగతి?

ఇక్కడే కథకి రెండో వైపు ఉంది. 1660ల్లో వచ్చిన మరో ఫ్రెంచ్ యాత్రికుడు థెవెనో మామూలు జనం ఇళ్లు కూడా చూశాడు. మట్టి గోడలు, గడ్డి కప్పు, పొట్టి పొట్టి గుడిసెలు. మహళ్ల దగ్గర చెట్లు మొలిచే డాబాలుంటే, సామాన్యుడి నెత్తిన గడ్డి ఉంది. మట్టిల్లు చల్లగానే ఉంటుంది. కానీ నిప్పు రవ్వ పడితే బూడిద, పెద్ద వాన పడితే బురద. స్వర్గం లాంటి ఊరు అన్న పేరు అందరి గుమ్మం దాకా రాలేదు.

అయితే ఒక్కటి గమనించాలి. రోడ్డు పక్కన చెట్టు, బజారులో పారే నీళ్లు, కమాను కింది గాలి.. ఇవి ఏ ఒక్కరివీ కావు. గుడిసెలో ఉండే కూలీ కూడా మధ్యాహ్నం ఆ చెట్టు కింద కూర్చోవచ్చు. చల్లదనాన్ని ఇంటి లోపల దాచిపెట్టకుండా వీధిలో పెట్టడమే ఈ ప్లాన్‌లో అసలు విషయం.

ఊరి బయట కూడా ఇదే పద్ధతి

మీర్ మోమిన్ చార్మినార్ దగ్గరే ఆగిపోలేదు. సైదాబాద్, మీర్‌పేట ఆయన ఏర్పాటు చేసిన ఊళ్లే. మీర్‌పేట పేరులో మీర్ ఆయనే. మసీదుతో పాటు చెరువు కూడా ఉండేలా ఈ ఊళ్లని తీర్చారు. ముందు నీళ్లకి ఏర్పాటు, ఆ నీళ్లని నమ్ముకుని జనం. ఇప్పుడు ఆ రెండు ఊళ్లూ మహానగరంలో కలిసిపోయాయి. రోజూ ఆ దారిన బస్సెక్కే వాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారో..

ఆయన కవి కూడా. తూనికలు, కొలతల మీద రిసాలా మిఖ్దారియా అనే పుస్తకం రాశారు. ఊరిని కొలిచి గీసిన మనిషి కొలతల మీదే పుస్తకం రాయడంలో వింతేముంది?

మట్టిలోనూ ఊరి గురించే..

1612లో మహమ్మద్ కులీ కన్నుమూశారు. తర్వాత వచ్చిన సుల్తాన్ మహమ్మద్ కూడా మీర్ మోమిన్‌నే పీష్వాగా ఉంచుకున్నారు. 1617లో మక్కా మసీదుకి పునాది పడింది ఈ సుల్తాన్ కాలంలోనే. 1625 ప్రాంతంలో మీర్ మోమిన్ తుదిశ్వాస విడిచారు. పాతబస్తీలో తానే ఏర్పాటు చేసిన శ్మశానవాటికలో ఆయన్ని ఖననం చేశారు. దాన్నే దాయిరా మీర్ మోమిన్ అంటారు. బతికున్నవాళ్లకి వీధులు ఇచ్చిన మనిషి, పోయినవాళ్లకీ ఇంత చోటు చూపించారు. తర్వాతి కాలంలో సాలార్ జంగ్ లాంటి ప్రధానులు కూడా అక్కడే విశ్రాంతి తీసుకుంటున్నారు.

1687లో ఔరంగజేబు సేనలు గోల్కొండని పట్టుకున్నాయి. కుతుబ్ షాహీల కథ ముగిసింది. డాబా తోటల మహళ్లు మిగల్లేదు. చార్మినార్, చార్ కమాన్, గుల్జార్ హౌజ్ మాత్రం నిలబడ్డాయి.

ఇప్పుడు మనం చేస్తున్నదేంటి?

ఏసీ ఏం చేస్తుంది? గదిలో వేడిని తీసి వీధిలోకి తోస్తుంది. లోపల ఉన్నవాళ్లకి చల్లగా, బయట ఉన్నవాళ్లకి ఇంకాస్త వేడిగా. కొనగలిగినవాడు తలుపు మూసుకుంటాడు. తోపుడు బండివాడు, ఆటో డ్రైవర్, రేకుల ఇంట్లో పసిపిల్లతో ఉన్న తల్లి ఆ వేడిని భరిస్తారు. మీర్ మోమిన్ లెక్కకి ఇది పూర్తిగా రివర్స్.

2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఎండని తిప్పికొట్టే తెల్లటి పూత లాంటివి పైకప్పుకి వేస్తే ఇంట్లో వేడి తగ్గుతుందన్నది దాని ఉద్దేశం. మంచిదే. కానీ కప్పు ఒక్కటి చల్లబడితే సరిపోదు. వీధిలో చెట్టుండాలి, బస్తీలో చెరువుండాలి, గాలికి దారుండాలి. ఇల్లు ఎవరికి వాళ్లు కట్టుకోగలరు. నీడనిచ్చే వీధిని మాత్రం ఊరంతా కలిసి, ముందే అనుకుని కట్టుకోవాలి.

ఈసారి గుల్జార్ హౌజ్ పక్కనుంచి వెళ్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. నగల షాపులు, ట్రాఫిక్ మధ్య ఇరుక్కుపోయిన ఆ చిన్న ఫౌంటెన్ ఒకప్పుడు ఈ ఊరు అందరికీ పంచిన చల్లదనం.