జీతమెఱుగని సేవకుడు

చెన్నపురికి ఉత్తరమున ఎన్నూరు మీదుగా సాగు బకింగుహాము కాలువను చూడని ఆంధ్రుడు ఈ నగరమున అరుదు. పట్టణమునుండి ఎన్నూరు వఱకు గల భాగము 1806 నాటిది. నేడు దానిపై పడవలు నడువవు. 1876-78 మహాక్షామమున ఈ కాలువయొక్క ఉత్తరభాగమున వేలకొలది పేదలు మట్టిమోసి ప్రాణములు నిలుపుకొనిరి. అందు మూడున్నర మైళ్ల పనిని గుత్తకుగైకొని కూలి కల్పించినవాడు ఒంగోలు మిషనరీ క్లౌ దొర. ఆయన పేరు చరిత్రకెక్కినది. ఆయనకంటె ముందుగనే ఆ సీమలో పనికి పూనుకొన్న తోళ్ల వర్తకుని మాత్రము మనము మఱచితిమి.

యెఱ్ఱగుంట్ల పేరయ్య ఒంగోలుకు నలువది మైళ్ల దూరమందలి తాళ్లకొండపాడు వాస్తవ్యుడు, మాదిగ కులజుడు. చదువుకొనువీలులేని స్థితిలో పుట్టియు రాజయోగ మార్గమున గురువుల నాశ్రయించి దైవము నన్వేషించెను. తోళ్ల బేరమునకై ఏలూరు వైపు పోయినపుడు క్రైస్తవబోధ అతని చెవిని బడెను. 1866లో జ్యూయెట్ దొర వలన బాప్తిస్మము పొందెను. అప్పటికి ఒంగోలులో కాపురముండు దొర లేడు. క్లౌ దొర వచ్చినది ఆ సంవత్సరము సెప్టెంబరున. పేరయ్యకు ఎవరును పదవి నీయలేదు, జీతము నేర్పఱుపలేదు. తోళ్లు కొనుటకు పోయిన పల్లెలలోనే తాను నమ్మినదానిని బంధువులకు చెప్పుచుండెను.

1867 జనవరిలో క్లౌ దొర తాళ్లకొండపాడునకు పోయెను. చుట్టుపట్ల పల్లెలవారు అప్పటికే పేరయ్య మాటలు విని సిద్ధపడియుండిరి. దొర దిగిన కొలది దినములలోనే ఇరువదియెనమండ్రు బాప్తిస్మము పొందిరి. విత్తినవా డొకడు, కోసినవాడు వేఱొకడు.

ఆ విశ్వాసము ఊరక లభించినది కాదు. చచ్చిన పశువుల మాంసము తినమనియు, ఆదివారమున పనిచేయమనియు, జాతరలలో డప్పుకొట్టమనియు వారు నిశ్చయించుకొనగా గ్రామపెద్దలు కినిసిరి. కూలియు గింజలును గ్రామముచేతిలోనున్న కాలమున అట్టి నిశ్చయము కడుపుపై దెబ్బయే. అయినను వారు వెనుదీయలేదు. పిమ్మట పేరయ్య భార్యయైన నాగమ్మతోకూడ, చిన్న గుడారమును వంటపాత్రలను గాడిదలపై వేసికొని, ఊరూర బోధించుచు తిరిగెను. 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. లోకము ఆ సంఖ్యను చూచి ఆశ్చర్యపడెను. ఆ సంఖ్య వెనుక పండ్రెండేండ్లుగా నడచిన పాదములున్నవి.

జీతము తీసికొను గురువులు అనవసరమని మేము చెప్పము. విద్యయు, నియమమును, పూర్తికాలపు శ్రద్ధయు వారివలననే కలుగును. కాని ఎంతటి గురువైనను ప్రతియింటి వాకిటను నిలువజాలడు. తన వృత్తిలోనే నుండి, తనవారి భాషలో, తనవారి కష్టము నెఱిగి మాటలాడువాని మాటకుగల బలము వేఱు. అతడు దానివలన ఏమియు గడింపడని విన్నవాడెఱుగును.

నగరమందలి దేవాలయములలో న్యాయవాదులు, వైద్యులు, ఉపాధ్యాయులు ఎందఱో కూర్చుందురు. లెక్కలు వ్రాయుటకును, పిల్లలకు పాఠము చెప్పుటకును, రోగిని పరామర్శించుటకును జీతగాండ్రను వెదకుట వారికి తగునా? గాడిదపై గుడారము వేసికొని బయలుదేఱినవానికి లేని తీరిక మనకు కలదు. లేనిది పూనికయే.