డెల్ఫ్టు చిత్రకారుడు వెర్మీరు

యోహానెస్ వెర్మీరు 1632వ సంవత్సరమున హాలండు దేశమందలి డెల్ఫ్టు పట్టణమున జన్మించెను. తండ్రి పట్టునేత నేర్చినవాడు; పూటకూళ్ల యిల్లు నడపుచు చిత్రముల వ్యాపారమును గూడ చేసెను. వెర్మీరు 1653లో కాథరీనాను వివాహమాడి, ఆ యేడే చిత్రకారుల సంఘమున చేరెను. కొంతకాలమునకు కాపురము అత్తగారి యింటికి మారెను. పుట్టిన బిడ్డలు 15 మంది, దక్కినవారు 11 మంది. అంత సందడి యింటినుండి అంత నిశ్శబ్దమైన చిత్రములు వెలువడుట వింతయే.

ఆతని ప్రసిద్ధ చిత్రములందు రాజులు లేరు, యుద్ధములు లేవు. ఒక గది, ఎడమప్రక్క కిటికీ, ఆ వెలుగున పని చేసికొను స్త్రీ. పాలు వంపుచున్న పనికత్తె చిత్రమున బల్లపై రొట్టెలు, బుట్ట, మట్టిపాత్ర కలవు. నేలపై కాళ్లు కాచుకొను కుంపటి యున్నది. వెల్లగోడకు ఒక మేకును, మేకులు ఊడదీసిన రంధ్రములును గలవు. వానిని గూడ విడువక చిత్రించిన ఓర్పు అరుదు. ఆ పేదరాలి నడుముగుడ్డకు వాడిన నీలిరంగు సామాన్యమైనది కాదు. ఆఫ్ఘనిస్థానపు కొండలలో దొరకు రాజావర్తశిలను నూరి చేసినది.

1672లో ఫ్రెంచివారు దండెత్తగా చిత్రముల బేరము పడిపోయెను. అప్పులు పెరిగెను. 1675 డిసెంబరులో, 43వ యేట, వెర్మీరు మరణించెను. రొట్టెలను అంత తనివితీర చిత్రించినవాని యింట రొట్టెలవాని బాకీయే 617 గిల్డరులు నిలిచెను. భార్య రెండు చిత్రములను వానికి అప్పగించెను.

సుమారు రెండువందల యేండ్లు ఆతని పేరు మరుగునబడెను. 1866లో ఫ్రెంచి విమర్శకుడు తోరే వ్రాసిన వ్యాసములతో లోకము మరల గుర్తించినది. నేడు మిగిలిన చిత్రములు 35 ప్రాంతము. పనికత్తె చిత్రము 1908లో ఆమ్‌స్టర్‌డాం నగరపు జాతీయ చిత్రశాలకు చేరినది.