ఇనుపరాతి గుణము నెఱిగిన మిటాష్

రసాయనశాస్త్రజ్ఞులకు ఆల్విన్ మిటాష్ నామము చిరపరిచితము. కర్షకలోకమున కంతగా తెలియదు. అయినను పొలమున యూరియా చల్లు ప్రతి రైతును ఆ జర్మను పండితునకు ఋణపడియే యున్నాడు. యూరియాకు మూలము అమోనియా. గాలిలోని నత్రజని నుండి అమోనియాను విస్తారముగా చేయుటకు వలసిన ఉత్ప్రేరకమును, అనగా తాను వ్యయముగాక ఇతర పదార్థముల సంయోగమును త్వరపెట్టు ద్రవ్యమును, సమకూర్చినవా డాయనయే.

మిటాష్ 1869 డిసెంబరు 27వ తేదీన సాక్సనీ సీమలోని యొక గ్రామమున జన్మించెను. తొలుత ఉపాధ్యాయవృత్తి నవలంబించి, పిదప లైప్‌జిగ్ విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్ర మభ్యసించి 1901లో డాక్టరు పట్టమందెను. 1904లో లూడ్విగ్స్‌హాఫెన్ నగరమందలి బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీలో చేరెను.

1909లో ఆచార్య ఫ్రిట్జ్ హేబర్ ఆస్మియమను లోహము సాయమున, అధికపీడనములో నత్రజనిని ఉదజనితో కలిపి అమోనియాను చేసి చూపెను. కాని ఆస్మియము లోకమున మిక్కిలి అరుదు. దానిని నమ్ముకొని కర్మాగారము నడువదు. చౌకయైన ద్రవ్యమును వెదకు భారమును కార్ల్ బాష్ మిటాష్‌పై నుంచెను. శుద్ధమైన ఇనుము వారి ఆశ తీర్చలేదు. ఆ యేటి నవంబరులో స్వీడను దేశపు గల్లివారె గనినుండి వచ్చిన మాగ్నటైటు అను నల్లని ఇనుపరాతిని పరీక్షింపగా, అది చక్కగా పనిచేసెను.

శుద్ధలోహము చేయజాలని పనిని ముడిరాయి యెట్లు చేసినది? అదృష్టమని మిటాష్ ఊరకుండలేదు. రాతిలోని మాలిన్యములే దాని బలమని యూహించి, ఒక్కొక్క ద్రవ్యమును ఇనుమునకు చేర్చి పరీక్షించెను. అల్యూమినా, సున్నము, పొటాషు స్వల్పముగా చేరిన ఇనుము చిరకాలము చురుకుగా నుండుననియు, గంధకము సోకినచో నిర్వీర్యమగుననియు తేలెను. 1912 నాటికి సుమారు 2,500 ద్రవ్యములపై 6,500 పరీక్షలు జరిగెను. 1913లో ఓపౌ కర్మాగారము పని ప్రారంభించెను.

మరుసటి యేట యుద్ధము వచ్చెను. పైరులకు ఉద్దేశింపబడిన నత్రజని ప్రేలుడుమందులకు మరలెను. హేబరునకు 1918 సంవత్సరపు నోబెల్ బహుమానమును, బాషునకు 1931 సంవత్సరపు బహుమానమును లభించెను, మిటాష్‌కు లభింపలేదు. ఆయన 1953లో హైడెల్బర్గు నగరమున మరణించెను. నేటికిని అనేక కర్మాగారములు ఆయన చూపిన ఇనుప ఉత్ప్రేరకమునే వాడుచున్నవి.

రాయి స్వీడనుది, దాని గుణమును తెలిసికొని లాభమందినది జర్మనీ. ఖనిజములను టన్నుల లెక్కన ఓడల కెక్కించుటయే భాగ్యమని తలచువారు ఈ చరిత్రను మననము చేయవలెను. గనులతోపాటు ప్రయోగశాలలను పోషింపని దేశమున ఖనిజసంపద పరులపాలు గాక తప్పదు.