రంగుల డాక్టరు పాల్ ఎర్లిక్

మనకి జ్వరమొస్తే మలేరియా వర్కరు వచ్చి వేలి మీద పొడిచి, రక్తపు చుక్కని గాజుపలక మీద తీసుకుని పోతారు కదా. ఆ పలకకి ల్యాబులో రంగు వేస్తారు. రంగు వెయ్యకపోతే మైక్రోస్కోపులో చూసినా క్రిమి సరిగా కనపడదు. ఇట్లా కనపడని దాన్ని రంగుతో కనపడేలా చేసినవారిలో గొప్పవాడు పాల్ ఎర్లిక్.

ఆయన 1854 మార్చి 14న స్ట్రెలెన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. డాక్టరు చదువుతున్నప్పుడే ఆయన మనసు బట్టలకి వేసే అద్దకం రంగుల మీదకి పోయింది. ఒక్కో రంగు శరీరంలో కొన్నిటికే అంటుకుంటుంది, మిగతావాటికి అంటదు. ఎందుకని? 1878లో ఈ సంగతి మీదే థీసిస్ రాశాడు.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని చూపించాడు. ఎర్లిక్ ఆ సభలోనే ఉన్నాడు. ఆ ఏడాదే క్షయ క్రిమికి ఇంకా తేలికగా రంగు వేసే పద్ధతి కనిపెట్టాడు. అదే ఏడు ఆకుపచ్చగా మెరిసే ఫ్లోరోసీన్ అనే రంగుని జంతువులకి ఎక్కించి, కంటి లోపలి నీరు ఎట్లా పారుతుందో చూశాడు.

కొన్నేళ్ళకి ఆయనకే దగ్గు పట్టుకుంది. తన తెమడ తనే పరీక్ష చేసుకున్నాడు. క్షయ క్రిములు కనపడ్డాయి! అప్పటికి దానికి మందు లేదు. 1888లో భార్యతో ఈజిప్టు వెళ్ళి, అక్కడి పొడి గాలిలో ఉండి కోలుకుని వచ్చాడు.

వచ్చాక ఊరుకోలేదు. క్రిమికి రంగు అంటుకుంటే, ఆ రంగే మందు ఎందుకు కాకూడదు అనుకున్నాడు. 1891లో మిథిలీన్ బ్లూ అనే నీలం రంగుని ఇద్దరు మలేరియా రోగులకి ఇచ్చి చూశాడు. గుణం కనపడింది. 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. 1915 ఆగస్టు 20న చనిపోయాడు.

ఆయన పోయినా ఆ ఆలోచన పోలేదు. మన శరీరంలో యాంటీబాడీలు ఉంటాయి. ఒక్కో యాంటీబాడీ తనకి సరిపడే క్రిమినే వెతికి పట్టుకుంటుంది. 1941లో అమెరికాలో ఆల్బర్ట్ కూన్స్ ఆ యాంటీబాడీకి మెరిసే రంగు తగిలించాడు. అతినీలలోహిత కాంతి వేస్తే క్రిమి ఉన్న చోటే వెలుగుతుంది. మరుసటేడు ఆయన వాడింది ఎర్లిక్ వాడిన ఆ ఫ్లోరోసీన్‌నే! ఇప్పుడు క్షయకి తెమడ పరీక్షలో కూడా చాలాచోట్ల మెరిసే రంగే వాడుతున్నారు.

అంత పెద్ద డాక్టరు తన తెమడ చూసుకోవడానికి సిగ్గుపడలేదు, భయపడలేదు. మనలో కొందరు దగ్గొస్తే దుప్పట్లో దాచుకుంటారు. రెండు వారాలు దగ్గితే వార్డెన్ సారుకి చెప్పండి. ఇప్పుడు క్షయకి మందులున్నాయి. కనపడితేనే కదా నయం చేసేది!