బొమ్మలు గీసిన చెయ్యే కంటి రహస్యం చెప్పింది



మీ అబ్బాయో అమ్మాయో మ్యాథ్స్ నోట్‌బుక్ చివరి పేజీల్లో బొమ్మలు గీస్తే మీరేమంటారు? స్పెయిన్‌లో ఒక డాక్టరు గారు మాత్రం తన కొడుకుని బొమ్మలు మానెయ్యమని గట్టిగా మందలించేవారు. ఆ పిల్లవాడే శాంటియాగో రామోన్ ఇ కహాల్. 1852లో పుట్టాడు. అల్లరికి అంతే లేదు. సొంతంగా ఫిరంగి తయారుచేసి పొరుగింటి గేటు పగలగొట్టి, 11 ఏళ్లకే కొద్దిరోజులు జైల్లో ఉన్నాడు. దారికొస్తాడని తండ్రి మంగలి దగ్గర, తర్వాత చెప్పులు కుట్టే అతని దగ్గర పనికి పెట్టారు. అయినా బొమ్మలు మానలేదు.

చివరికి తండ్రే ఒక ఉపాయం చేశారు. 1868 వేసవిలో కొడుకుని పాత శ్మశానానికి తీసుకెళ్లి, ఎముకలు చూపించి గీయమన్నారు. బొమ్మల పిచ్చే మెల్లగా అనాటమీ మీద ఇష్టమైంది. 1873లో ఆ కుర్రాడు డాక్టరయ్యాడు.

ఆ రోజుల్లో నరాలన్నీ ఒకదానికొకటి అతుక్కున్న వల అని చాలామంది నమ్మేవారు. 1887లో కహాల్, ఇటలీ శాస్త్రవేత్త గోల్జీ కనిపెట్టిన వెండి రంగు పద్ధతిని చూశారు. అందులో కొన్ని కణాలే నల్లగా, పూర్తిగా కనిపిస్తాయి. దాన్ని మెరుగుపరిచి, మైక్రోస్కోప్‌లో చూస్తూ వేలకొద్దీ బొమ్మలు గీశారు. ప్రతి నరకణం విడివిడిగా ఉంటుందని తేల్చారు.

ఆయనకు ఎంతో ఇష్టమైనది రెటీనా. అర మిల్లీమీటరు మందం కూడా లేని ఈ పొరలో రాడ్స్, కోన్స్ వెలుతురుని పట్టుకుంటాయి. వాటిలో వోల్టేజ్ మారుతుంది. ఆ మార్పు బైపోలార్ కణాలకు, అక్కడి నుంచి గాంగ్లియన్ కణాలకు చేరుతుంది. గాంగ్లియన్ కణాలు దాన్ని చిన్న చిన్న కరెంటు తరంగాలుగా మార్చి, ఒక్కో కంటి నుంచి సుమారు 10 లక్షల నరపోగుల ద్వారా మెదడుకు పంపుతాయి.

ఒక్క కణంలోని కరెంటును కొలిచే పరికరం కహాల్ దగ్గర లేదు. అయినా కణాల ఆకారం చూసి, సిగ్నల్ ఎటు వెళ్తుందో తన బొమ్మల్లో బాణం గుర్తులు పెట్టారు. ఆయన 1934లో కన్నుమూశారు. 1953లో స్టీఫెన్ కఫ్లర్ పిల్లి రెటీనాలోని గాంగ్లియన్ కణాల సిగ్నల్స్‌ని రికార్డ్ చేసి, అవి వెలుతురు ఎంతుందో చెప్పడం కన్నా, పక్కపక్కనున్న వెలుగునీడల తేడానే ఎక్కువగా చెబుతాయని చూపించారు.

1906లో కహాల్‌కి, గోల్జీకి కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ వేదిక మీదే గోల్జీ కహాల్ సిద్ధాంతాన్ని తప్పుపట్టారు. తర్వాతి పరిశోధనలు కహాల్‌నే సమర్థించాయి.

ఈసారి మీ పిల్లలు కన్ను డయాగ్రామ్ వేస్తుంటే మార్కుల గురించి కాసేపు పక్కన పెట్టండి. వెలుతురు ఎటు నుంచి వస్తుందో, సిగ్నల్ ఎటు పోతుందో బాణాలు పెట్టి మీకు చెప్పమనండి. రెటీనాలో ఆ రెండూ ఎదురెదురు దిక్కుల్లో వెళ్తాయి. ఎందుకో వాళ్లనే ఆలోచించనివ్వండి.