సాగరాన్ని నమ్మిన షోలాపూర్ వాసి – వాల్‌చంద్ హీరాచంద్

సముద్రానికి ఎంతో దూరాన, మెట్టపొలాల నడుమ వెలసిన మన షోలాపూర్ నగరం భారతదేశ నౌకావాణిజ్యానికి ఒక మహానిర్మాతను అందించింది. ఆయనే శ్రీ వాల్‌చంద్ హీరాచంద్. 1882 నవంబరు 23న ఒక గుజరాతీ జైన కుటుంబంలో జన్మించిన ఆయన, పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం సాగించే ఇంటి వృత్తిని వీడి, రైల్వే కాంట్రాక్టర్‌గా ఖ్యాతి గడించారు.

ఆ రోజులలో మన పత్తి, నూనెగింజలు దేశదేశాలకు ఎగుమతి అవుతున్నా, వాటిని మోసే ఓడలు చాలావరకు ఆంగ్లేయులవే. కిరాయి నిర్ణయించేవారు కూడా వారే. పంట పండించిన దేశానికి దానిని చేరవేసే ఓడ లేకపోతే వాణిజ్య స్వాతంత్ర్యం కల్ల అని వాల్‌చంద్ గ్రహించారు. నరోత్తమ్ మొరార్జీ ప్రభృతులతో కలిసి 1919లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించారు. గ్వాలియర్ మహారాజు సింధియా నుండి కొన్న లాయల్టీ అనే ఓడ 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుండి లండన్‌కు బయలుదేరింది.

ఆంగ్ల కంపెనీలు ఊరుకోలేదు. కిరాయిలు విపరీతంగా తగ్గించి కొత్త సంస్థను కుంగదీశాయి. 1923లో కుదిరిన ఒప్పందంతో సింధియా కంపెనీ విదేశీ మార్గాలను వదలి, తీర వాణిజ్యానికి పరిమితం కావలసి వచ్చింది. లాయల్టీ ఓడ కూడా ఆ ఏడే తుక్కయింది. ఓడ పోయినా సంస్థ నిలిచింది. 1929లో మొరార్జీ మరణానంతరం వాల్‌చంద్ అధ్యక్ష బాధ్యత స్వీకరించారు.

ఓడలు కొంటే చాలదు, మన గడ్డపైనే నిర్మించాలన్నది ఆయన సంకల్పం. అందుకు తెలుగు తీరాన విశాఖపట్నాన్ని ఎన్నుకున్నారు. 1941 జూన్ 21న డా. రాజేంద్రప్రసాద్ అక్కడ నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖపై బాంబులు కురిపించినా సంకల్పం సడలలేదు. 1948 మార్చి 14న పండిత నెహ్రూ జల ఉష నౌకను జలప్రవేశం చేయించారు. స్వాతంత్ర్యానంతరం సింధియా ఓడలు మళ్లీ విదేశీ మార్గాలు పట్టాయి.

1952లో ఆ కేంద్రంలో ప్రభుత్వం ప్రధాన భాగస్వామి అయి, అది హిందుస్థాన్ షిప్‌యార్డ్‌గా మారింది. 1953 ఏప్రిల్ 8న వాల్‌చంద్ కన్నుమూశారు. లాయల్టీ బయలుదేరిన ఏప్రిల్ 5వ తేదీని 1964 నుండి జాతీయ నౌకాయాన దినోత్సవంగా జరుపుకుంటున్నాము. విశాఖలో ఆ ప్రాంతాన్ని ప్రజలు నేటికీ సింధియా అనే పిలుస్తారు.

తెలుగునాట నుండి వచ్చి మగ్గాన్ని నమ్ముకొని ఇక్కడ స్థిరపడిన మనకు ఈ చరిత్ర ఆత్మీయమైనది. మనకు అన్నం పెట్టిన ఊరి బిడ్డ, మన పూర్వుల భాష పలికే తీరాన ఓడలు కట్టించారు. తొలి ఓడమికి తలవంచని ఆ పట్టుదలను మన విద్యార్థులు అలవరచుకుందురు గాక!