సాహిత్య గురువు రఘుపతి వెంకటరత్నం నాయుడు

ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు: మన విద్యార్థులలో పలువురి పరిస్థితి ఇది. మూడు భాషల నడుమ నిలిచి, ఇంగ్లీషు తమకు అందని పండని నిరాశ చెందేవారు రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి జీవితాన్ని ఒకసారి స్మరించుట మంచిది.

నాయుడు గారు 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్యనాయుడు గారు సైన్యంలో సుబేదారు. ఆయన ఉద్యోగరీత్యా చాందాలోను, హైదరాబాదులోను బాల్యం గడచింది. అందుచేత ఈ తెలుగు బాలునికి హిందీ, ఉర్దూ, పారశీక భాషలు చిన్ననాడే పట్టుబడ్డాయి. పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆంగ్ల సాహిత్యం అభ్యసించి ఎం.ఏ. పట్టం పొందారు. ముందు నేర్చిన భాషలు ఇంగ్లీషుకు అడ్డు కాలేదు, ఆధారమయ్యాయి. మన నూజివీడు తోటల్లో టెంక మొక్క వేరు మీదనే కదా రసాల అంటు నిలిచేది!

మచిలీపట్నం నోబుల్ కళాశాలలో ఆంగ్లోపన్యాసకులుగా, సికింద్రాబాదు మహబూబు కళాశాలకు, పిదప 1919 వరకు కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు అధ్యక్షులుగా ఆయన పనిచేశారు. ఆయన దృష్టిలో ఆంగ్ల సాహిత్యం పదాల పట్టికా కాదు, పరీక్షా సాధనమూ కాదు. మనిషి తన నడవడిని చూచుకొనే అద్దం. బ్రహ్మసమాజ విశ్వాసంతో శీలము, సత్యము, సమత్వము బోధించారు. చెప్పినది ఆచరించారు కూడ. తమ కళాశాలలో బాలికలకు, అస్పృశ్యులని సంఘం వెలివేసిన వారికి ప్రవేశం కల్పించారు. కాకినాడలో అనాథ శరణాలయం నెలకొల్పారు.

ఫలితం శిష్యులలో కనిపిస్తుంది. నోబుల్ కళాశాల శిష్యులైన పట్టాభి సీతారామయ్య గారు 1935లో కాంగ్రెసు చరిత్రను ఇంగ్లీషున రచించగా, ముట్నూరి కృష్ణారావు గారు కృష్ణాపత్రికను తెలుగున తీర్చిదిద్దారు. కాకినాడ శిష్యులైన దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు భావకవిత్వానికి వెలుగయ్యారు. గురువు నేర్పినది ఇంగ్లీషు సాహిత్యమే అయినా, పండినది రెండు భాషలలోను. పరభాషా సాహిత్యాన్ని మనసుపెట్టి చదివినవానికి స్వభాష దూరం కాదనుటకు ఇంతకన్న నిదర్శన మేమి కావలెను?

1924లో ప్రభుత్వం ఆయనకు సర్ బిరుద మిచ్చింది. 1925 మొదలు 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవి నలంకరించారు. ఎంత ఎత్తుకు ఎదిగినా తెల్లని దుస్తులు, నిరాడంబర జీవనం విడువలేదు. 1939 మే 26న పరమపదించారు.

నేడు గైడు పుస్తకం కంఠస్థం చేసి ఉత్తీర్ణులయ్యే వారున్నారు. వారికి మార్కులు దక్కుతాయి గాని భాష దక్కదు. విద్యార్థి సోదర సోదరీమణులారా! పాఠ్యగ్రంథంలోని ఒక్క కథనైనా గైడు ప్రక్కన పెట్టి స్వయంగా చదవండి. అందులోని మనిషి స్థానంలో మీరుంటే ఏమి చేసేవారో నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో వ్రాయండి. తప్పులు దొర్లితే దిద్దుటకు మేమున్నాము. ఆ మహోపాధ్యాయునికి మనం చెల్లించదగిన గురుదక్షిణ అదే.